కువైట్ రొట్టె మట్టిలో కలవలేదు

నా పేరు చింతా రూతమ్మ. ఆధార్ కార్డులో వయస్సు డెబ్భై నాలుగని ఉందట. అంతకంటే ఎక్కువే ఉంటుంది గాని తక్కువ ఉండదు. రాజోలు దగ్గర కాలవగట్టు మీది ఊరు మాది. ఇంట్లో నేనూ, అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ తోలే మా అబ్బాయీ, మా కోడలూ ఉంటాం. అదే కప్పు కింద, నడిమి గోడకి అవతలి వాటాలో, మా మరిది కుటుంబం. ఆ వాటాలోని మా తోటికోడలు ఈ వానాకాలంలో ప్రభువునందు నిద్రించింది. అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. వాళ్ళ కోడలు సుహాసిని రోజూ పెరటి గోడ మీంచి “పెద్దత్తయ్యగారండీ” అని పిలుస్తుంది. ఆ పొద్దున “అమ్మా” అని పిలిచింది. ఆ ఒక్క పిలుపుతో నాకు సంగతి తెలిసిపోయింది.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా పాస్టరుగారి భార్య రాస్తున్నారు. ఆవిడని మేమందరం అమ్మగారు అంటాం. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. కాస్త సర్దుతానండి అన్నారు. మాటలు సర్దుకోండి గాని నా పట్టు సర్దకండి అన్నాను. మా తోటికోడల్ని తను బతికినన్నాళ్ళూ నేను ‘అది’ అనే అన్నాను. అమ్మగారు ‘తను’ అని రాస్తున్నారు. పోనీలే, పోయాకైనా నా నోట కాస్త మర్యాద దక్కింది.

సమాధుల తోటలో మట్టి వేసే ముందు మా సంఘపెద్ద దయానందం మేష్టారు నాలుగు మాటలు మాట్లాడారు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. మాట అందంగా కూరుస్తారు. “ఈ తల్లితోపాటు ఈ తల్లి చేతి కువైట్ రొట్టె కూడా నేడు మట్టిలో కలిసిపోయింది” అన్నారు. గొడుగుల కింద ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. నాకు మాత్రం అప్పటిదాకా కారుతున్న కన్నీళ్ళు ఆగిపోయాయి. బయటికొచ్చాక గేటు దగ్గర ఆయన్ని ఆపాను.

“మేష్టారండీ, ఆ మాట ఎందుకన్నారు?”

“ఏ మాటండి రూతమ్మగారూ?”

“దేవుడు పిలిచేడు, మనిషిని మట్టిలో పెట్టేం. రొట్టెని కూడా పెట్టమని ఎవరు చెప్పేరండి?”

ఆయన నొచ్చుకున్నారు. “పొగడ్తకే అన్నానండి. నిజవే కదండి, ఇంకెవరికొచ్చు అది? క్రిస్మస్ సంచికలో ఆవిడ పేజీ మీద పెద్దక్షరాల్తో అదే వేయిద్దామనుకుంటున్నాను.”

మా సంఘం ఏటా క్రిస్మస్‌కి ఒక చిన్న సంచిక అచ్చు వేస్తుంది. ఆ ఏడు వెళ్ళిపోయినవాళ్ళకి అందులో తలా ఒక పేజీ. ఒకసారి అచ్చులో పడితే ఇంక ఊరంతా అదే నిజమంటుంది.

“వెయ్యకండి. అబద్ధవవుద్ది” అన్నాను.

“అయితే చేసి చూపించండి. జ్ఞాపకార్థ కూడిక నాడు ఆ రొట్టె నా నోట్లో పడిందంటే, ఆ మాట నా చేత్తోనే కొట్టేస్తాను.”

“ఆయ్. అలాగేనండి.”

అనేసి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ రొట్టెలో నాకు తెలిసింది సగమే. రెండో సగం ఇప్పుడే మట్టి కప్పి వచ్చాం.

చదివేవాళ్ళకి మొదటినుంచీ చెప్పాలి. మా ఆయనా మా మరిదీ ఇల్లు పంచుకున్నప్పుడు నడిమి గోడ లేచింది. రుబ్బురోలు ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర మా తోటికోడళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయాయి. తరవాత మరిది పోయాడు. కొడుకుని పోషించుకోవాలని మా తోటికోడలు కువైట్ వెళ్ళి ఒక ఇంట్లో వంటమనిషిగా చేరింది. చాలా ఏళ్ళు అక్కడే ఉండి, ఒక పెట్టెతో, కాళ్ళకి ఊలు మేజోళ్ళతో తిరిగొచ్చింది. కోనసీమలో మేజోళ్ళేమిటని వీధంతా నవ్వింది. ఏసీ గదుల్లో తిరిగి తిరిగి పాదాలు చల్లబడిపోయాయని తను ఎవరి నవ్వూ పట్టించుకోలేదు.

ఆ ఏడే డిసెంబరులో ఒక పొద్దున చంకలో ఇనప బూర్లమూకుడు పెట్టుకుని మా పెరట్లోకి వచ్చింది.

“అక్కా, నీ నిప్పు కావాలి.”

గోడ లేచాక నాతో అన్న మొదటి మాట అది.

“నా నిప్పు నీకెందుకే? కువైట్‌లో గేస్ పొయ్యిలంట కదా, ఒకటి పట్టుకొచ్చుకోలేకపోయేవా?”

“పట్టుకొస్తే విమానం వాళ్ళు నన్ను దింపేసి పొయ్యిని ఎక్కించుకుందురక్కా.”

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టని అటు తిరిగి నవ్వాను. తను చూడనే చూసింది.

నా నిప్పు అంటే ఏమిటో చెబుతాను. మా వైపు దిబ్బరొట్టె కాల్చేటప్పుడు మినప్పిండి మూకుట్లో పోసి, మూత మీద కూడా నిప్పులు పరుస్తాం. కిందా పైనా సెగ తగిలి రొట్టె దిండులా పొంగుతుంది. ఆ పనిలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది గొప్పకి చెప్పడం కాదు, అడిగి తెలుసుకోండి. మా తోటికోడలు కువైట్‌లో నేర్చుకున్న కేకుకి పెద్ద ఓవెన్ కావాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో అది ఎక్కడుంది? కిందా పైనా సెగ కావాలంటే దిబ్బరొట్టె లాగే కాల్చవచ్చు కదా అని తనకి తట్టింది. అదీ తన తెలివి.

ఆ కేకులో ఖర్జూరం, ఎండు ద్రాక్ష, అంజూర, జీడిపప్పు పడతాయి. పంచదార బదులు తేనె. అక్కడ మూకుడికి వెన్న కాగితం పరుస్తారట. ఇక్కడ తను నెయ్యి రాసిన లేత అరిటాకు పరిచింది. నేను దిబ్బరొట్టెకి పెట్టినట్టే నిప్పు పెట్టాను. అడుగు బొగ్గయింది, పైన పచ్చిపిండి తేలింది. తప్పెవరిదో ఇక్కడ చెప్పను. తను మాత్రం ఆఖరి క్రిస్మస్ దాకా నాదేనంది. చివరికి ఇద్దరం పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని దెబ్బలాడుకుని తేల్చింది ఏమిటంటే, మినుము ఓర్చినట్టు తేనె సెగకి ఓర్చదు. అందుకని కింద కొబ్బరి డొక్కల నిప్పు పెట్టాలి. డొక్క పీచు కదా, నెమ్మదిగా కునుకుతూ కాలుతుంది. పైన మూత మీద కొబ్బరిచిప్పల నిప్పు. అది కణకణలాడుతుంది.

“నిప్పు పైన అత్తగారిలా, కింద కోడలిలా ఉండాలక్కా” అనేది.

“మరి మధ్యలో రొట్టె ఎవరే?”

“మొగుడు. రెండు పక్కలా ఉడుకుతాడు, ఏవీ అనడు.”

అప్పటినుంచి ఆచారం అయిపోయింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక సంఘానికంతటికీ మా పెరటి రొట్టె. కువైట్ నుంచి వచ్చింది కాబట్టి కువైట్ రొట్టె. దాన్ని కేకు అని పిలిస్తే మా తోటికోడలికే నచ్చేది కాదు. “కేకు కొట్లో ఉంటాది, రొట్టె ఇంట్లో ఉంటాది” అనేది. ఖర్జూరం వీధిదే. మా దగ్గర గల్ఫులో మనిషి లేని ఇల్లు తక్కువ. సెలవుకి వచ్చే ప్రతివాడూ ఖర్జూరం పొట్లాలు తెస్తాడు. పిల్లలు రెండు రోజులు తిని మొహం మొత్తి వదిలేస్తారు. అలా అల్మారాల్లో మూలుగుతున్న పొట్లాలన్నీ తను ఇంటింటికీ తిరిగి పోగేసేది. తేనె కొబ్బరితోటల్లో పట్టు కొట్టేవాడు తెచ్చేది. అరబ్బుల వంట అన్నారు గాని, చూసుకుంటే అందులో మా ఊరే ఎక్కువ.

రొట్టెని కత్తితో కోయనిచ్చేది కాదు. కత్తికి ఎండుపళ్ళు అంటుకుని ముక్క చెదురుతుందని, దారం ఒక కొస పంటితో పట్టుకుని, రెండో కొస చేత్తో లాగి కోసేది. ఆ పద్ధతి కువైట్ ఇంట్లో ఒక ముసలావిడ నేర్పిందట. పనివాళ్ళు ఆవిడని మామా అనేవాళ్ళట. ఆవిడ కుర్చీలో కూర్చుని, తప్పు చేసినప్పుడల్లా చేతికర్రతో మా తోటికోడలి మోకాలి మీద పొడిచేదట. “మరి నీకు కోపం రాలేదా?” అని అడిగాను. “ఎందుకు రాలేదు. ఆవిడ పోయిన్నాడు మాత్రం ఆ ఇంట్లో అందరికంటే నేనే గట్టిగా ఏడ్చేను” అంది.

ఇంక అసలు సంగతి. పని పంచుకున్నప్పుడు తను ఒక మాట అంది. పిండి నాది, నిప్పు నీది. పిండి కలిపేటప్పుడు తన వంటింటి తలుపు వేసుకునేది. కోడలు సుహాసినిని కూడా రానిచ్చేది కాదు. అడిగితే “మాట్లాడుకుంటా కలిపితే పిండి మన మాటలు వినుకుంటా పొంగడం మర్చిపోద్ది” అని నవ్వేసేది. కలిపాక మాత్రం గిన్నె పట్టుకుని మా పెరట్లోకి వచ్చి, వేలితో తీసి నా అరచేతిలో కాస్త రాసేది. “చూడక్కా, ఏం తగ్గింది?” నేను నాకి చూసి చెప్పేదాన్ని. నేను ఊఁ అన్నాకే పిండి మూకుట్లోకి దిగేది. కాబట్టి కలపడం నాకు రాదు. కలిసిన పిండి రుచి మాత్రం నా నాలుకకి తెలుసు.

అదే నా ధైర్యం. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

మరునాడు మా మరిది కొడుకు ప్రభాకర్ వచ్చాడు. రాజోల్లో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుకుంటాడు. నాకూ కొడుకే.

“పెద్దమ్మా, మేష్టారితో పందెం ఏసేవంట?”

“పందెం కాదురా, మాట.”

“ఊరుకో. అమ్మ పిండి మనకెవరికీ తెలీదు. కూడికకి రాజోల్లో కేకు ఆర్డరిచ్చేసేను.”

“నీ కేకు నువ్వు తెచ్చుకో. నా రొట్టె నేను చేస్తాను.”

“నలుగురిలో అది పాడైతే పోయేది నీ పేరు కాదు పెద్దమ్మా, అమ్మ పేరు.”

వాడన్నది నిజం. రొట్టె చెడితే మేష్టారి మాట అచ్చులో పడడమే కాదు, అది నిజమే అయి కూర్చుంటుంది. నేను చేజేతులా తనని రెండోసారి పాతిపెట్టినట్టవుతుంది.

సుహాసిని మాత్రం కొంగు దోపుకుని వచ్చింది. “పెద్దత్తయ్యగారండీ, నేను కలుపుతాను. మీరు రుచి చూడండి. ఎప్పటికో అప్పటికి దొరక్కపోద్దా.” ఏయే సరుకులు పడతాయో ఆ పిల్లకి తెలుసు, అత్తగారికి కొని తెచ్చిచ్చేది ఆ పిల్లే. కొలతలు కూడా ప్రతి ఏడూ మిగిలే సరుకుని బట్టి ఇంచుమించు అందాయి. చిక్కంతా ఎండుపళ్ళ దగ్గర వచ్చింది. అవి మెత్తబడడానికి వాళ్ళత్తగారు ముందురోజు దేంట్లోనో నానబెట్టేది. దేంట్లో?

మా వైపు ఏది మెత్తబడాలన్నా ముందు చెయ్యి పోయేది కొబ్బరినీళ్ళ మీదికే. సుహాసినీ అదే చేసింది. పొద్దుటికి పళ్ళు పులిసి బుడగలు కక్కుతున్నాయి. కల్లుపాకలో కూర్చున్నట్టుంది వాసన. పారబోశాం. తరవాత పాలల్లో నానబెట్టింది. అరచేతిలో రాస్తే పాయసం రుచి. వేడినీళ్ళల్లో పెట్టి చూసింది. అందులో తీపి ఉంది గాని తను లేదు. ప్రతిసారీ ఆ పిల్ల నా మొహంలోకి చూడడం, నేను తల అడ్డంగా ఊపడం. చావింట్లో ముసలిది పిండి నాకుతూ కూర్చుందని వీధిలో ఒకావిడ అందట. నేను గోడ దగ్గరికెళ్ళి, అందరికీ వినపడేలా, “నీకూ కాస్త రాయమంటావేంటి?” అని అడిగాను. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

కూడిక దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం అలిసిపోయి పెరట్లో కూర్చున్నాం. సుహాసిని టీ తెచ్చింది.

“పాలన్నీ రొట్టెకే పోసేసేం కదండీ, నల్ల టీయేనండి. యాలక్కాయేసేను” అంది.

ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాను.

“చేదుగా ఉందాండి?”

“ఉండవే, మాట్లాడకు.”

నాలుక మీద అదే. తీపికి కింద, కనిపించకుండా, పీట వేసుకుని కూర్చున్న ఆ వగరు. ప్రతి క్రిస్మస్‌కి పిండి కలపడానికి ముందురోజు మా తోటికోడలు తపేలాడు నల్ల టీ కాచేది. గోడ మీంచి నాకు అరగ్లాసు అందించేది. పాలు లేని టీ ఎవడు తాగుతాడే అని ప్రతిసారీ తిట్టి తాగేదాన్ని. కువైట్ అలవాటు అనుకున్నాను. మిగతా తపేలా ఎక్కడికి పోయిందని ఏనాడూ అడగలేదు.

సుహాసిని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అవునండీ. పొద్దుటికి తపేలా కడిగేసి బోర్లించుండేది. మిగిలింది పారబోసేరనుకునేదాన్నండి.”

ఆ సాయంత్రం పళ్ళు టీలో నానాయి. మర్నాడు సుహాసిని పిండి కలిపి నా అరచేతిలో రాసింది. నాకి, కళ్ళు మూసుకున్నాను. “ఏం తగ్గిందండీ?” అంది, అచ్చం వాళ్ళత్తగారి లాగే. ఏమీ తగ్గలేదు. ఒక్క మనిషి తప్ప ఏమీ తగ్గలేదు.

కూడిక నాడు పొద్దున్నించీ ముసురు. డొక్కలూ చిప్పలూ ముందే అటక మీద ఎండబెట్టి దాచాను కాబట్టి బతికిపోయాం. మా అబ్బాయి పొయ్యి మీదికి రేకు పట్టి కట్టాడు. కింద డొక్క నిప్పు కునుకుతూ ఉంది, పైన చిప్ప నిప్పు కణకణలాడుతోంది. జల్లు పడ్డప్పుడల్లా మూత మీద నిప్పు చిటపటమని చల్లబడేది. నేను కొత్త నిప్పులు మార్చుతూ ఉన్నాను. పట్టకారు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. మూత తీసేసరికి రొట్టె అంచులు ఆకుని వదిలి లోపలికి ముడుచుకున్నాయి. వేడి మీద తేనె పోస్తే సుయ్యిమంటూ పీల్చుకుంది. ఆ వాసనకి వాకిట్లో వేసిన టెంటు కింద వాక్యం చదువుతున్న పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టారని అమ్మగారే చెప్పారు. ఇప్పుడు ఈ మాట రాస్తూ నవ్వుతున్నారు.

ప్రభాకర్ తెచ్చిన కేకు కూడా బల్ల మీద పెట్టారు. తెల్లగా, ఎత్తుగా ఉంది.

“దాని మీదేం రాసేర్రా?”

“‘మిస్ యూ అమ్మా’ అని పెద్దమ్మా.”

ఉక్కకి క్రీము జారి, అక్షరాలు బల్ల వైపు ప్రయాణం కట్టాయి. వాడి మొహం చూసి, జారిన క్రీము నేనే తుడిచాను. వాడి ప్రేమ వాడిది.

దారం పట్టి సుహాసిని రొట్టె కోసింది. మొదటి ముక్క మేష్టారికి నేనే తీసుకెళ్ళాను. ఆయన చేతిలో ఆ సభలో చదవడానికి తెచ్చుకున్న కాగితం ఉంది. సంచికలో వేయబోయే పేజీ అదే. ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మళ్ళీ నమిలారు. టెంటు కింద అందరూ ఆయన దవడనే చూస్తున్నారు.

“రూతమ్మగారూ.”

“ఆయ్, చెప్పండి మేష్టారండీ.”

“ఇంకో ముక్క ఉందాండి?”

“ముందు మాట తీసెయ్యండి. తరవాత ముక్క.”

జ్ఞాపకార్థ కూడికలో నవ్వకూడదంటారు. ఆ రోజు అందరూ నవ్వారు, పాస్టరుగారితో సహా. మేష్టారు జేబులోంచి పెన్ను తీసి, అందరికీ కనపడేలా కాగితం పైకెత్తి, ఆ వాక్యం మీద గీత కొట్టారు. ఒకటి చాలదని రెండోది కూడా కొట్టారు.

“మరి ఈ చోట ఏం వెయ్యమంటారండి?”

“నేను చెబుతాను. అమ్మగారు రాస్తారు.”

ప్రభాకర్ తన ముక్క తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. చాలాసేపటికి లేచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అడుగు కొంచెం ఎక్కువ కాలింది పెద్దమ్మా.”

వాళ్ళమ్మ కూడా ప్రతి ఏడూ ముందు అనే మాట అదే. నాకు అంతకంటే ఏం కావాలి?

తను పిండి నాకెందుకు చెప్పలేదని కొందరు అడుగుతున్నారు. నేను నిప్పు తనకి నేర్పానా? పిండి నాకు వచ్చేస్తే నేను గోడ అవతలికి పోనక్కర్లేదు. నిప్పు తనకి వచ్చేస్తే తను మా పెరట్లోకి రానక్కర్లేదు. మేమిద్దరం తెలివైనవాళ్ళమే. ఇప్పుడు తను లేదు కాబట్టి ఆ తలుపు నేను తీస్తున్నాను. పళ్ళు యాలక్కాయ వేసిన నల్ల టీలో నానాలి, కింద డొక్క, పైన చిప్ప. రాసుకునేవాళ్ళు రాసుకోండి, రాయడం రానివాళ్ళు మా పెరట్లోకి రండి.

వచ్చారు కూడా. ఇది చెబుతున్నది డిసెంబరు మొదటి వారంలో, సంచిక అచ్చుకి వెళ్ళేముందు. వీధిలో ఆడవాళ్ళు మూకుళ్ళూ, ఖర్జూరం పొట్లాలూ పట్టుకొచ్చి నేర్చుకుని వెళ్ళారు. ఈ పొద్దున లేచి చూస్తే ప్రతి పెరట్లోంచీ సన్నటి పొగ లేచి కొబ్బరి మట్టల్లో చిక్కుకుని ఆగింది. కాలవ అవతలి గట్టు మీద బడిపిల్లల ఆటో ఒకటి నిలబడిపోయింది. లోపలున్న పిల్లలందరూ మెడలు బయటపెట్టి, కళ్ళు మూసుకుని, ముక్కులు మా వైపు ఎత్తి ఉన్నారు. డ్రైవరు కూడా.

నేను చెప్పింది అమ్మగారు తిరిగి చదివి వినిపించగా విని, నా మాటేనని ఒప్పుకుని, వేలికున్న పిండి తుడుచుకుని వేసిన ఎడమ బొటనవేలి ముద్ర ఇది.

చింతా రూతమ్మ, వేలిముద్ర

చూసి సంతకం చేసిన సాక్షులు:
సుహాసిని, పోయినావిడ కోడలు
దయానందం, సంఘపెద్ద
రాసినది: గ్రేస్ మణి, పాస్టరుగారి భార్య